6 లక్షలతో కర్రీ పాయింట్ పెట్టొచ్చా? పెట్టొచ్చు, అందులో 3 లక్షలు దాచుకోగలిగితే

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వయసు 29, ప్రైవేటు ఉద్యోగం, ఏడేళ్ళలో కూడబెట్టింది 6 లక్షలు. కూకట్‌పల్లి ప్రాంతంలో స్నేహితుడితో కలిసి కర్రీ పాయింట్ పెట్టాలని ఉంది, వచ్చే నెల ఉద్యోగం మానేద్దామా అని ఆలోచిస్తున్నావు. ఎంత పెట్టుబడి కావాలి, ఫుడ్ యాప్‌లలో పెట్టాలా, మనసు ఎలా సిద్ధం చేసుకోవాలి అని అడిగావు. నిన్ను ‘నువ్వు’ అంటున్నందుకు ఏమీ అనుకోకు. నాకు 52 ఏళ్ళు, మా పెద్దమ్మాయి నీకంటే నాలుగేళ్ళే చిన్న.

నేను ఈ పనిలోకి 2007లో వచ్చాను. అంతకుముందు ఒక చిన్న కంపెనీలో లెక్కలు రాసేవాణ్ణి. ఇప్పుడు హైదరాబాద్‌లోనే రెండు షాపులు నడుస్తున్నాయి. ఒకటి హాస్టళ్ళ సందులో, ఇంకోటి అపార్ట్‌మెంట్ల మధ్య. నేను చెప్పేదంతా ఈ రెండు షాపుల ముందు నిలబడి నేర్చుకున్నదే.

ముందు సూటిగా జవాబు. 6 లక్షలు సరిపోతాయి. కానీ షాపు తెరిచే రోజు నాటికి అందులో 3 లక్షలకు మించి ఖర్చు కాకూడదు. మిగతా 3 లక్షలు తెరిచిన తర్వాత గడవాల్సిన రోజుల కోసం. ఈ ఒక్క మాట నాకు 2007లో ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే మా ఆవిడ గాజులు ఆమె చేతికే ఉండేవి.

నా దగ్గర అప్పుడు 2 లక్షల 80 వేలు ఉన్నాయి. పీఎఫ్ డబ్బు కొంత, గాజులు అమ్మిన డబ్బు కొంత. షాపు తెరిచే నాటికి 2 లక్షల 40 వేలు అయిపోయాయి. కొత్త గిన్నెలు, కొత్త కౌంటరు, పైన సీలింగు, రాత్రి వెలిగే పెద్ద బోర్డు. ఒక్కొక్కటి కొంటున్నప్పుడు అది ఖర్చులా అనిపించదు, వ్యాపారం పెరుగుతున్నట్టే అనిపిస్తుంది. ఒక్క ప్యాకెట్టూ అమ్మకముందే పెరుగుతున్నట్టు అనిపిస్తుందంటే అది ఎంత ప్రమాదమో చూడు.

మొదటి రోజు 14 రకాలు వండించాను. గుత్తివంకాయ, దొండకాయ వేపుడు, బెండకాయ పులుసు, రెండు రకాల పప్పు, సాంబారు, రసం, మూడు పచ్చళ్ళు, ఇలా. బంధువులు, పాత ఆఫీసువాళ్ళు వచ్చి కొన్నారు. రాత్రి పదింటికి షట్టరు సగం దించి చూస్తే అమ్మినవి 61 ప్యాకెట్లు. అప్పట్లో ప్యాకెట్టు 10 రూపాయలు. గల్లాలో 610 రూపాయలు, ఎదురుగా సగం నిండిన గిన్నెలు. గుత్తివంకాయ గిన్నె మీద నూనె తేరి, అంచుల దగ్గర గట్టిపడుతోంది. మా ఆవిడ ఏమీ అనలేదు. గరిటె తీసుకుని, పక్క అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్ల ఇళ్ళకి పంపడానికి డబ్బాల్లో సర్దడం మొదలుపెట్టింది. మర్నాడు పొద్దున మళ్ళీ 14 రకాలకు కూరగాయలు తెచ్చాను. రకాలు తగ్గిస్తే షాపు చిన్నబోతుందని నా భయం. అలా మూడు వారాలు తెచ్చాను.

మూడో నెలలో చేతిలో డబ్బు అయిపోయింది. అప్పుడు డైలీ ఫైనాన్స్ దగ్గరికి వెళ్ళాను. 20 వేలు అని రాసుకుని చేతికి 18 వేలు ఇస్తారు. రోజుకి 200 చొప్పున 100 రోజులు కట్టాలి. పైకి చూస్తే 2 వేలే కదా పోయింది అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను, లెక్కలు రాసి బతికినవాణ్ణి అయివుండి కూడా. కానీ రెండో రోజు నుంచే అసలు తగ్గుతూ వస్తుంది కాబట్టి 18 వేలూ మన దగ్గర 100 రోజులు ఉండవు. సరిగ్గా లెక్క కడితే అది నూటికి నెలకి 6 రూపాయల పైన వడ్డీ. మన ఊళ్ళలో నూటికి 2 రూపాయలంటేనే అమ్మో అంటాం. పైగా వసూలు మనిషి సరిగ్గా రాత్రి ఎనిమిదింటికి, గిరాకీ ఉన్నప్పుడే వచ్చి కౌంటరు పక్కన నిలబడతాడు. కొనేవాళ్ళ ముందు లేదనలేం. ఆ ఒక్క అప్పు తీరడానికి ఇంకో అప్పు, దానికి మరొకటి. బయటపడటానికి రెండేళ్ళు పట్టింది.

అందుకే 3 లక్షలు దాచు అంటున్నాను. ఊరికే జాగ్రత్త కోసం చెప్పే మాట కాదు, లెక్క చూపిస్తాను. నీ ప్రాంతంలో అద్దెలు, జీతాలు అటూ ఇటూ ఉండొచ్చు, నీ అంకెలు పెట్టుకుని నువ్వే మళ్ళీ కట్టు.

అద్దె 25 వేలు, వంట మాస్టర్‌కి 28 వేలు, హెల్పర్‌కి 15 వేలు, కరెంటు, నీళ్ళు 5 వేలు, రిపేర్లు, చిల్లర ఖర్చులు 2 వేలు అనుకుందాం. దీనికి నీ ఇంటి ఖర్చు 30 వేలు తప్పకుండా కలపాలి. చాలామంది అది కలపరు. "మనదే కదా షాపు, మిగిలింది తీసుకుందాం" అంటారు. నువ్వు రోజుకి 14 గంటలు పనిచేస్తావు, నీ పని ఉచితం కాదు. మొత్తం 1 లక్షా 5 వేలు. 30తో భాగిస్తే రోజుకి 3,500. ప్యాకెట్టు 40 రూపాయలకి అమ్మితే కూరగాయలు, నూనె, గ్యాసు, డబ్బా అన్నీ కలిపి 22 రూపాయలు పోతాయనుకో. ఒక్కోదాని మీద 18 మిగులుతుంది. 3,500ని 18తో భాగించు. 195 ప్యాకెట్లు. రోజూ 195 అమ్మితే నువ్వు ఎక్కడున్నావో అక్కడే ఉంటావు. లాభం 196వ ప్యాకెట్టు నుంచి.

కొత్త షాపు మొదటి నెల నుంచీ 195 అమ్మదు. మంచి చోటైతే 100 దాకా రావచ్చు. అంటే రోజుకి 1,800 వస్తుంది, కావాల్సింది 3,500. రోజుకి 1,700 నీ జేబులోంచి పోతుంది. చేతిలో 3 లక్షలుంటే దాదాపు 176 రోజులు తట్టుకోగలవు. ఆరు నెలల్లో మనుషులు నీ రుచికి అలవాటుపడతారు, నువ్వు ఏది ఎంత వండాలో నేర్చుకుంటావు. అదే 6 లక్షల్లో 5 లక్షల 40 వేలు షాపు హంగులకి పెట్టి 60 వేలతో తెరిస్తే 35 రోజులు. వంట బాగున్నా, నువ్వు కష్టపడ్డా, 36వ రోజు అప్పు కోసం తిరగాల్సిందే. నా కళ్ళముందు మూతపడిన షాపుల్లో ఎక్కువ వాటికి వంట రాక కాదు, ఈ రోజులు చాలక.

తెరవడానికి 3 లక్షలు చాలుతాయా అంటే చాలుతాయి, కొత్తవి కొనకపోతే. మూడు నెలల అద్దె అడ్వాన్సు 75 వేలు పోగా పొయ్యిలు, గిన్నెలు, స్టీలు కౌంటరు, ఫ్రిజ్ అన్నీ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. మూసేసే హోటళ్ళు, మెస్సులు ఎప్పుడూ ఉంటూనే ఉంటాయి. అలా కొనేటప్పుడు ఆ మనిషిని కాసేపు కూర్చోబెట్టి ఎందుకు మూస్తున్నాడో అడుగు. నేను ఒకాయన దగ్గర పొయ్యి కొని రెండు గంటలు మాట్లాడాను. ఆ రెండు గంటలు పొయ్యికంటే ఎక్కువ పనికొచ్చాయి. ఒక్క పొగ బయటికి పోయే ఏర్పాటు, వైరింగు మాత్రం కొత్తగా, గట్టిగా చేయించు. వాటిలో పిసినారితనం వద్దు, లోపల మనుషులు పనిచేస్తారు.

ఇప్పుడు అసలు పని. షాపు చూడటానికి ముందే చేయాలి, పైసా ఖర్చు లేదు. నువ్వు అనుకుంటున్న చోట ఇప్పటికే ఉన్న కర్రీ పాయింట్ ఎదురుగా మూడు సాయంత్రాలు నిలబడు. ఒకటి సోమవారం, ఒకటి శుక్రవారం, ఒకటి ఆదివారం. ఏడింటి నుంచి తొమ్మిదిన్నర దాకా. ఎంతమంది వచ్చారు, ఒక్కొక్కరు ఎన్ని ప్యాకెట్లు తీసుకున్నారు, నడిచి వచ్చారా బండి మీద వచ్చారా, ఎవరు వాళ్ళు: హాస్టల్ పిల్లలా, ఆఫీసు నుంచి వస్తున్న భార్యాభర్తలా, ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ళా. చిన్న కాగితం మీద గీతలు పెట్టుకో. రైస్ కుక్కర్ ఇంట్లో పెట్టి కూర కోసం కిందికి దిగేవాళ్ళే మన వ్యాపారం. బిర్యానీ కోసం బండి వేసుకుని ఎంత దూరమైనా వెళ్తారు, దొండకాయ వేపుడు కోసం వెళ్ళరు. పది నిమిషాల నడకలో 195 ప్యాకెట్లకి మనుషులున్నారా లేదా అన్నది ఆ మూడు సాయంత్రాల్లో తెలిసిపోతుంది. లేరంటే ఆ చోటు వదిలేయ్, అద్దె ఎంత తక్కువైనా సరే.

ఆఫీసులు తప్ప ఇళ్ళు లేని చోటు కూడా వద్దనే చెప్తాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడగానే అమీర్‌పేట, ఎస్సార్ నగర్ హాస్టళ్ళు వారంలో ఖాళీ అయిపోయాయి. మా మొదటి షాపు గిరాకీ అంతా ఆ పిల్లలే. ఐటీ కంపెనీలు ఇళ్ళ నుంచి పని అనడంతో మాదాపూర్ వైపు నాకు తెలిసినవాళ్ళు చాలాకాలం కోలుకోలేదు. అప్పటికి మా దగ్గర నాలుగు నెలల ఖర్చు బ్యాంకులో ఉంది కాబట్టి నిలబడ్డాం. మాస్టర్‌కి సగం జీతం ఇస్తూ ఉంచుకున్నాను. 2021 వేసవిలో ఇంట్లో అందరికీ కోవిడ్ వచ్చి వండుకోలేని కుటుంబాలకి గుమ్మం దగ్గర భోజనం పెట్టి వచ్చేవాళ్ళం. అపార్ట్‌మెంట్ల మధ్య రెండో షాపు పెట్టాలన్న ఆలోచన అప్పుడే వచ్చింది. ఆ నాలుగు నెలల డబ్బు లేకపోతే ఆలోచించడానికి నేను వ్యాపారంలో ఉండేవాణ్ణే కాదు.

మిగులు గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే కర్రీ పాయింట్ లాభం అంతా అక్కడే కరిగిపోతుంది. రాత్రికి 25 ప్యాకెట్ల సరుకు మిగిలిందనుకో. ఒక్కోదానికి 22 రూపాయల చొప్పున 550. నెలకి 16,500. హెల్పర్ జీతం కంటే ఎక్కువ. పారబోసినది కంటికి కనపడదు, జీతం ఇచ్చేటప్పుడు మాత్రం చెయ్యి వణుకుతుంది. అందుకని మొదటి మూడు నెలలు ఆరు రకాలు చాలు: ఒక పప్పు, ఒక వేపుడు, ఒక పులుసు లేదా ఇగురు, సాంబారు, రసం, ఒక రోటి పచ్చడి. ఆదివారం చికెన్ కలుపుకో. తొమ్మిదింటికే అన్నీ అయిపోయి నలుగురు ఖాళీ చేతులతో వెనక్కి వెళ్ళారంటే బాధపడకు. వాళ్ళు రేపు ఎనిమిదింటికే వస్తారు.

ఒక నోట్‌బుక్ పెట్టుకో. రోజూ షట్టరు దించే ముందు రాయాల్సినవి ఐదే: ఏ కూర ఎంత వండాం, ఎంత మిగిలింది, వాన పడిందా లేదా, గల్లాలో ఎంత, ఫోన్‌పేలో ఎంత. మూడు నెలలు రాశాక ఆ నోట్‌బుక్కే నీకు చెప్తుంది: మంగళవారం పాలకూర పప్పు ఎంత పోతుంది, వాన సాయంత్రం రసం ఎంత ఎక్కువ పోతుంది. మా ఇంట్లో 2008 నుంచి అన్ని నోట్‌బుక్కులూ ఉన్నాయి. ఇప్పటికీ సంక్రాంతి ముందు పాతవి తీసి చూస్తాను. పండక్కి నగరం సగం ఊళ్ళకి పోతుంది, ఆ వారం సగం వండినా ఎక్కువే. కార్తీక మాసంలో చికెన్ అమ్మకం పడిపోతుంది. కానీ అదే రోజుల్లో అయ్యప్ప దీక్షలో ఉన్నవాళ్ళకి ఉల్లి, వెల్లుల్లి లేకుండా వేరే గిన్నెల్లో శుభ్రంగా వండి ఇస్తే 41 రోజులు క్రమం తప్పకుండా వస్తారు. దీక్ష అయ్యాక కూడా మన దగ్గరికే వస్తారు.

మిగిలింది మర్నాడు కలపడం గురించి. ఇది నేను చేసిన తప్పు, చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. అప్పుల్లో ఉన్న రోజుల్లో ఒక రాత్రి ముద్దపప్పు చాలా మిగిలింది. ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు కొత్త పప్పులో కలిపి మళ్ళీ తాలింపు వేయించాను. రిటైరైన టీచరమ్మ ఒకావిడ రోజూ ఒక పప్పు ప్యాకెట్టు తీసుకెళ్ళేది. ఆ సాయంత్రం అరగంటకి మెల్లగా నడుచుకుంటూ తిరిగి వచ్చింది. విప్పిన ప్యాకెట్టు కౌంటరు మీద పెట్టింది. "బాబూ, ఇవాళ పప్పులో నిన్నటి వాసన ఉంది. నీకు తెలిసి ఉండదు, మాస్టర్‌కి చెప్పు" అంది. డబ్బు వెనక్కి అడగలేదు. నాకు తెలిసే జరిగిందని ఆవిడ అనుకోలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తర్వాత ఈ రోజు వరకు మా షాపులో రాత్రి మిగిలిన కూర పొద్దున లేదు. మిగిలితే రాత్రే పంచేస్తాం, లేదా పారబోస్తాం. దాచిన 3 లక్షలు కాపాడేది ఇలాంటి చోటే తమ్ముడూ. చేతిలో డబ్బు లేనివాడికే నిన్నటి పప్పు కలపాలన్న ఆలోచన వస్తుంది. నేను చెడ్డవాణ్ణై కలపలేదు, మర్నాటి కందిపప్పుకి డబ్బు లేక కలిపాను.

మాస్టర్ సంగతి. వంట పూర్తిగా అతని చేతిలో పెట్టకు. మా మొదటి మాస్టర్ చెల్లెలి పెళ్ళని ఊరెళ్ళి నెలన్నర రాలేదు. ఆ నెలన్నరలో నేను, మా ఆవిడ పాతిక కిలోల గిన్నెలో కూర కలపడం నేర్చుకున్నాం. ఇంట్లో నలుగురికి బాగా వండేవాళ్ళకి కూడా 60 మందికి వండటం వేరే విద్య, ఉప్పు, నీళ్ళు అదే లెక్కన పెరగవు. అందుకే ఉద్యోగం మానేముందే ఆ ఆరు కూరలు నువ్వు స్వయంగా వండగలగాలి. అన్నీ తూకంతో రాసుకో: కందిపప్పు ఇన్ని గ్రాములు, నూనె ఇంత, ఎండుమిర్చి ఇన్ని. మాస్టర్ మారినా రుచి మారకూడదు. అతన్ని మాత్రం గౌరవంగా చూసుకో. పొయ్యి ముందు నిలబడేవాడి కష్టం ఎండాకాలం ఒక్క మధ్యాహ్నం నువ్వు నిలబడితే తెలుస్తుంది. జీతం ఒకటో తేదీన ఇచ్చే షాపుని మాస్టర్లు వదలరు.

కూరగాయలకి బోయిన్‌పల్లి మార్కెట్టు, ఉల్లిపాయలకి మలక్‌పేట. రోజూ అంత దూరం కుదరకపోతే ఎర్రగడ్డ, కూకట్‌పల్లి రైతు బజార్లున్నాయి. ఏ కూర వండాలో ముందే నిర్ణయించుకుని మార్కెట్టుకి వెళ్ళొద్దు, ఆ రోజు ఏది చవగ్గా, తాజాగా ఉందో చూసి నిర్ణయించు. 2023 జులైలో టమాటా కిలో 100 దాటి ఇంకా పైకి పోయినప్పుడు మేం చింతపండు పులుసులు, పెరుగు పచ్చళ్ళు, గోంగూర మీద రెండు నెలలు నడిపాం. ధర పెంచలేదు, కొలత తగ్గించలేదు. కొలత తగ్గిస్తే కొనేవాళ్ళకి ఆ పూటే తెలిసిపోతుంది. బయటికి చెప్పరు, రావడం మానేస్తారు.

స్నేహితుడితో భాగస్వామ్యం. ఈ లెక్క నీకు ఎవరూ చెప్పి ఉండరు. అతనికీ ఇంటి ఖర్చు 30 వేలు కావాలి కదా. అంటే రోజుకి ఇంకో 1,000. కావాల్సిన ప్యాకెట్లు 195 నుంచి 250కి పోతాయి. నువ్వు దాచిన 3 లక్షలు 176 రోజులకి బదులు 111 రోజులే వస్తాయి. కాబట్టి అతను తెచ్చేది ఏమిటో స్పష్టంగా చూడు. డబ్బు తెస్తున్నాడా, వంట తెస్తున్నాడా, తెల్లవారుజామున మార్కెట్టుకి వెళ్తాడా? వట్టి తోడు కోసమైతే వద్దు. ఒంటరిగా మొదలుపెట్టడానికి భయం వేయడం సహజం, కానీ ఆ భయానికి నెలకి 30 వేలు కట్టలేం. కలిసే పెడతామంటే స్టాంపు పేపరు మీద రాసుకోండి: ఎవరు ఎంత పెట్టారు, ఎవరి పని ఏది, ఎవరి జీతం ఎంత, ఒకరు మానుకుంటే రెండోవాళ్ళు ఎంత, ఎన్నాళ్ళలో ఇవ్వాలి. రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర రిజిస్టర్ చేయించండి. రిజిస్టర్ కాని భాగస్వామ్య సంస్థ తనకు రావాల్సిన దాని కోసం బయటివాళ్ళ మీద కోర్టుకి వెళ్ళలేదు. స్నేహితుల మధ్య కాగితాలేంటి అని అతను నొచ్చుకుంటే, ఇప్పుడే నొచ్చుకోనివ్వు.

కాగితాల పని భయపడేంత లేదు. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ లేదా లైసెన్సు ఫోస్కోస్ అనే ప్రభుత్వ సైట్లో నువ్వే దరఖాస్తు చేసుకోవచ్చు. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు తీసుకో. చిన్న వ్యాపారాలకి ఉండే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, ఎవరైనా 2 వేలో 3 వేలో అడిగితే ఇవ్వకు. జీఎస్టీకి మనలాంటి వండి అమ్మే వ్యాపారంలో హద్దు ఏడాదికి 20 లక్షలు. రోజుకి 5,500 అమ్మితేనే దాటేస్తావు. మన లెక్కలో 195 ప్యాకెట్లంటే రోజుకి 7,800, కాబట్టి మొదటి నుంచీ ఒక మంచి అకౌంటెంటుని చూసి పెట్టుకో. గ్యాసు 19 కిలోల కమర్షియల్ సిలిండరే వాడు, ఇంటి సిలిండరు షాపులో పెట్టడం నేరం, ప్రమాదం కూడా. చేతి సంచుల్లో 120 మైక్రాన్ల కంటే పలచటివి 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం. సంచి ఇంటి నుంచి తెచ్చేవాళ్ళకి, స్టీలు డబ్బా తెచ్చేవాళ్ళకి ఒక గరిటె ఎక్కువ వెయ్యి. మా దగ్గర ఇప్పుడు చాలామంది డబ్బాలతోనే వస్తారు, మాకు ప్యాకింగ్ ఖర్చు తగ్గింది.

ఫుడ్ యాప్‌ల గురించి అడిగావు. మొదటి ఆరు నెలలు వద్దంటాను. కమీషను, ఆఫర్లలో మన వాటా పోగా 40 రూపాయల కూర మీద మిగిలే 18లో ఏమీ మిగలదు. కొంచెం నిలదొక్కుకున్నాక అన్నం, రెండు కూరలు, పెరుగు కలిపి భోజనంగా పెడితే అప్పుడు ఆలోచించొచ్చు.

బ్యాంకు అప్పు కావాలంటే చిన్న వ్యాపారాలకి కేంద్రం పెట్టిన ముద్ర పథకం ఉంది. 50 వేల దాకా శిశు, 5 లక్షల దాకా కిశోర్. కానీ తెరవడానికి అప్పు చేయకు. నీ డబ్బుతో తెరిచి, ఆర్నెల్ల నోట్‌బుక్ చేతిలో పట్టుకుని, రెండో ఫ్రిజ్ కోసమో పెద్ద పొయ్యి కోసమో వెళ్ళు. అప్పుడు మేనేజరుతో మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది. షాపు డబ్బుకి వేరే అకౌంటు తెరువు, స్కానరు దానికే పెట్టు. ఇంటి అకౌంటుకి పెడితే పిల్లల ఫీజు, షాపు నూనె ఒకే చోట కలిసిపోయి, లాభమో నష్టమో ఏడాది దాకా తెలియదు. అరువు మాత్రం మొదటి రోజు నుంచే వద్దు. "అప్పు రేపు" బోర్డు పాతకాలపుదే, కానీ అది లేక మా సందులో రెండు కిరాణా షాపులు పోయాయి.

ఇక మనసు సంగతి. "ఇంత చదివి కూరలమ్ముతున్నాడా" అనే మాట వస్తుంది, అది కూడా దగ్గరివాళ్ళ నుంచే వస్తుంది. మా మేనమామ మూడేళ్ళు మా షాపు వైపు రాలేదు. దానికి ముందే సిద్ధపడు, ముఖ్యంగా మీ ఇంట్లోవాళ్ళని సిద్ధం చెయ్యి. పెళ్ళయిందో లేదో నువ్వు రాయలేదు. అయితే మాత్రం, ఈ లెక్క కాగితం మీ ఆవిడ ముందు పెట్టి, ఎన్ని నెలలు ఇంటికి 30 వేలే వస్తాయో, ఎంత డబ్బు పోయాక ఆపేస్తావో ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి. ఆపేసే అంకె తెరవకముందే రాసుకోవాలి. నష్టంలో ఉన్నప్పుడు "ఇంకొక్క నెల" అనే మాట ఎంత తియ్యగా ఉంటుందో నాకు తెలుసు. ఆ ఒక్క నెలల్లోనే మా గాజుల తర్వాత గొలుసు కూడా పోయింది.

ఇంకో విషయం, ఇందులో సెలవులుండవు. ఒంట్లో బాగోకపోయినా, ఇంట్లో శుభకార్యం ఉన్నా సాయంత్రం ఏడింటికి షట్టరు తెరిచి ఉండాలి. మూడు రోజులు మూసి ఉంటే నాలుగో రోజు మనుషులు వేరే షాపుకి అలవాటు పడిపోతారు. కొంతమందికి ఈ రోజువారీ పని ప్రాణం పోస్తుంది, కొంతమందిని తినేస్తుంది. నువ్వు ఏ రకమో ఊహించుకుని చెప్పలేవు. అందుకే వచ్చే నెల ఉద్యోగం మానేయకు. ఆఫీసు అయ్యాక సాయంత్రాలు, తెలిసినవాళ్ళ కర్రీ పాయింట్‌లో ఒక నెల ఉచితంగా పనిచేస్తానని అడుగు. ప్యాకింగు, కౌంటరు, గిన్నెలు కడగడం, ఏదైనా సరే. కూకట్‌పల్లిలోనే అడగకు, నువ్వు పోటీ షాపు పెట్టబోతున్న చోట నేర్చుకుని రావడం న్యాయం కాదు. వేరే ప్రాంతంలో, విషయం చెప్పి అడుగు. నెల తర్వాత కూడా సాయంత్రం ఏడవుతుంటే నీ కాళ్ళు అటువైపే వెళ్తుంటే అప్పుడు షాపు వెతుకు.

ఇవన్నీ చదివి భయపడితే నా ఉద్దేశం అది కాదు. ఇద్దరు పిల్లల్ని చదివించింది ఈ కూరలే. మా సందులో హాస్టల్లో ఉండి మా పప్పు తిన్న పిల్లలు ఉద్యోగాలు వచ్చాక భార్యాబిడ్డల్ని తీసుకొచ్చి చూపించి వెళ్తారు. నువ్వు రావాలనే కోరుకుంటున్నాను, వచ్చి నిలబడాలనే ఇంత రాశాను.

ముందు ఆ మూడు సాయంత్రాలు నిలబడిరా. ఎంతమంది వచ్చారు, ఎన్ని ప్యాకెట్లు, షాపు అద్దె ఎంత చెప్తున్నారు, అడ్వాన్సు ఎన్ని నెలలది, నీటి సౌకర్యం ఉందా, రాసి ఇక్కడే పెట్టు. నేను రాత్రి పదిన్నర తర్వాత చూస్తాను. లెక్క ఇద్దరం కలిసి కడదాం.